పళ్ళు బిగించకుండా బేలెత్తడం

ఉద్యోగం నుంచి రిటైరయ్యానని నేనంటే మావారు నవ్వుతారు. ముప్పై రెండేళ్ళకి రిటైర్మెంటేమిటంటారు. పాప పుట్టాక తిరిగి వెళ్ళలేదు, వెళ్ళే ఉద్దేశమూ లేదు కాబట్టి ఆ మాటలో తప్పు లేదనే నా నమ్మకం. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, దవడ ఆపరేషన్లు చేసే వార్డులో, తొంభైల చివర చేరి రెండు వేల ఆరు దాకా డైటీషియన్‌గా పనిచేశాను.

నేను చదివిన హోమ్ సైన్సు కాలేజీ నుంచే ఈ మధ్య ఒకమ్మాయి అలాంటి ఉద్యోగంలో చేరింది. ఫోన్ చేసి, "అక్కా, అసలక్కడ పనేముంటుంది?" అంది. పాప ఏడుస్తుంటే సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. పాప పడుకున్నాక దొరికే సమయంలో రాస్తున్నాను గనక మధ్య మధ్య లేచి దాని ఊపిరి చూసి వస్తుంటాను. ఎక్కడైనా చెప్పే విషయం తెగినట్టుంటే కారణం అదే.

చార్టులు ఎలా నింపాలో ఎవరైనా నేర్పుతారు. దాని జోలికి పోను.

నీళ్ళు వేరు, తిండి వేరు

విరిగిన దవడని లోపల ప్లేటు పెట్టి, మరలతో బిగిస్తారు. ఆ తర్వాత పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో కడతారు. కొన్ని వారాలు నోరు తెరుచుకోదు. మాట పళ్ళ సందుల్లోంచి రావాలి. తిండి, చివరి పన్ను వెనక ఉండే కాస్త ఖాళీలోంచి సన్నటి రబ్బరు గొట్టంతో పోవాలి.

మా సర్జన్ గారి చేతికి వంక పెట్టలేం. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి ముక్కలైన దవడలతో వచ్చినవాళ్ళని ఆయన మళ్ళీ అద్దంలో చూసుకునేలా చేశారు. ఓపిక మాత్రం తక్కువ. రౌండ్స్‌లో మంచం దగ్గర ఒక్క క్షణం ఆగి, "లిక్విడ్స్ ఇవ్వండమ్మా" అని పక్క మంచానికి వెళ్ళిపోయేవారు. ఇంటివాళ్ళకి ఆ మాట ఒక్కటే మిగిలేది. కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ పోసేవాళ్ళు. చెంబుల కొద్దీ పోశామని తృప్తి పడేవాళ్ళు. రోగి మాత్రం రోజురోజుకీ కరిగిపోయేవాడు.

నా ఉద్యోగంలో సగం, ఆ మాటని తిండిగా మార్చడమే. గొట్టంలో పట్టేంత పలచగా ఉండాలి, అందులో బలం ఉండాలి. ఉడికించి మెత్తగా రుబ్బిన పప్పు, వేడి చారులో గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు, రాగిజావ, పాలు, వేరుశనగల పాలు, వడగట్టిన మాంసం రసం. ప్రతి గ్లాసులో ఒక చెంచా నెయ్యో నూనో. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. తాగిన ప్రతిసారీ ఉప్పునీళ్ళతో పుక్కిలింత. తాగేటప్పుడు కూర్చునే ఉండాలి.

ఇంకొకటి, తీగలు కత్తిరించే చిన్న కటింగ్ ప్లేయరు. వాంతి వస్తే ముందుకి వంచి, తీగలు కత్తిరించి నోరు తెరవాలి. అది రోగి చేతికందేంత దూరంలో ఉండాలి. కనిగిరి దగ్గర్నుంచి వచ్చిన ఒక కుటుంబం, పదునైన వస్తువు, పిల్లలు ముట్టుకుంటారని దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసింది. వాళ్ళ అదృష్టం బాగుండి దానితో అవసరం పడలేదు. నాకు మాత్రం ఆ బీరువా చాలాకాలం గుర్తొచ్చేది. ఆ తర్వాత నుంచి ఇంటికి పంపేముందు, "ఇది ఎక్కడ పెడతారు?" అని ప్రతి ఇంటివాళ్ళనీ అడిగి, చెప్పేదాకా కదలనిచ్చేదాన్ని కాదు. భయస్తురాలినని నర్సులు నవ్వుకునేవాళ్ళు. ఈ ఉద్యోగానికి కాస్త భయం ఉండటం మంచిది.

తీపి మీద బతకలేని మనిషి

ఏడుకొండలుది దర్శి వైపు ఊరు. గుంటూరు బయట ఒక పత్తి మిల్లులో హమాలీ. అక్కడ జిన్నింగ్ అయిన, అంటే గింజ తీసిన, దూదిని నొక్కి, పెట్టెలంత బేళ్ళుగా కట్టి లారీలకెక్కిస్తారు. ఒక్కో బేలుకి నలుగురు. అలాంటి ఒక బేలు వాలు చెక్క మీద నుంచి జారి అతని గడ్డానికి తగిలింది. రెండు చోట్ల విరిగింది.

ఆపరేషనయ్యాక అతను ఏదీ తాగేవాడు కాదు. భార్య మంగమ్మ గ్లాసు పట్టుకుని బతిమాలుతుంటే గోడవైపు తిరిగిపోయేవాడు. పళ్ళ మధ్య నుంచి ఏదో గొణిగేవాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"మీ జావ బాగుందంటున్నాడమ్మా" అంది మంగమ్మ.

ఏడుకొండలు చెయ్యి అడ్డంగా ఊపాడు. అలా అనలేదని అర్థం. మంగమ్మ తల దించుకుని, "అంతా తియ్యటియ్యేనంట. మనిషికి పెట్టే కూడేనా ఇదీ అంటున్నాడు" అని ఒప్పుకుంది.

అతను చెప్పింది నిజం. మా వంటగది నుంచి వచ్చేవన్నీ తీపే. పొద్దున పంచదార పాలు, మధ్యాహ్నం పండ్లరసం, సాయంత్రం బెల్లం జావ. పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తినే మనిషి తీపి మీద ఎన్నాళ్ళు బతుకుతాడు? అలాగని కారం వేస్తే దగ్గొస్తుంది. మూసిన నోటితో దగ్గు మంచిది కాదు. చివరికి ఒక దారి దొరికింది. తాలింపులో ఎండుమిరపకాయని తుంచకుండా వేయించి, వాసన నూనెకి దిగాక తీసేయడం. ఆ తాలింపు పప్పుకట్టులో, ఉలవకట్టులో పెట్టి వడగట్టడం. కారం గొంతుకి తగలదు, వాసన ముక్కుకి తెలుస్తుంది.

మొదటి గ్లాసు తాగి ఏడుకొండలు ఏదో అన్నాడు. నేను మంగమ్మ వైపు చూశాను.

"ఈసారి నిజంగానే బాగుందన్నాడమ్మా. ఒట్టు!"

అప్పటి నుంచి వార్డులో నాకు డైటమ్మ అని పేరు పడింది.

మంచం చుట్టూ ముఠా

హమాలీలు ముఠాగా పనిచేస్తారు. ముఠాకి ఒక మేస్త్రీ ఉంటాడు. ఎవరు చేరాలో, ఎవరు ఏ పక్క పట్టాలో అతనిదే మాట. ఏడుకొండలు ముఠాకి మేస్త్రీ అంకారావు. యాభై దాటిన మనిషి, మంగమ్మకి దూరపు వరసలో పెదనాన్న. ఒకరోజు ముఠా అంతా రొట్టెలు, అరటిపళ్ళు తీసుకుని చూడటానికొచ్చింది. నోరు తెరవలేని మనిషి ముందు అరటిపళ్ళ గెల పెట్టి చుట్టూ నిలబడ్డారు.

"ఏరా కొండలూ, ఇట్టా అయిపోయావేందిరా, పుల్లలాగా!" అన్నాడు అంకారావు. ఆ గొంతు వార్డంతా వినిపించింది.

"పుల్లకేముంది మేస్త్రీ, బేలు మీద పెడితే బేలే మోస్తది!" అన్నాడు వెనకాల ఒకడు. అందరూ నవ్వారు. ఏడుకొండలు కూడా పళ్ళు కనిపించేలా నవ్వాడు, కళ్ళు మాత్రం నవ్వలేదు.

బయట వరండాలో అంకారావు నాతో దాపరికం లేకుండా మాట్లాడాడు. "చూడండమ్మా. వాడు నాకు అల్లుడి వరసే. కానీ నలుగురు పట్టే బేలులో ఒకడి చెయ్యి జారితే మిగతా ముగ్గురి కాళ్ళు పోతయ్. మిల్లుకి కొత్త పత్తి దిగటం మొదలయితే నాకు మనిషి కావాల. వాడు నిలబడగలిగితే చోటు వాడిదే. లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా. తర్వాత ఏడిస్తే లాభం లేదు."

నాకది కఠినంగా తోచలేదు. న్యాయంగానే ఉంది. అందుకే భయమేసింది.

దవడ కట్టేసినా కాళ్ళు కట్టెయ్యలేదు కదా. సర్జన్ గారి అనుమతితో ఏడుకొండలుని మర్నాటి నుంచే నడిపించాను. ముందు వరండా, తర్వాత మెట్లు. ముక్కుతో ఊపిరి అందినంత వరకే. ఇంటికెళ్ళాక గోడకి ఆనుకుని గుంజీళ్ళు. బరువులు ఎత్తొద్దు. తగ్గుతూ వచ్చిన ఒంటి బరువు మెల్లగా నిలబడింది. ఈ వార్డులో చాలామంది, మంచం మీద పడుకుంటే ఎముక తొందరగా అతుక్కుంటుందనుకుంటారు. దవడ సంగతేమో గానీ, పడుకుంటే తొడలు కరిగిపోతాయి. ఆ తొడలతోనే అతను బతకాలి.

బొమికల గొడవ

తీగలు తీశారు. కొన్నాళ్ళు మెత్తటి తిండే తినమని చెప్పి పంపాం. కొద్ది వారాలకే ఏడుకొండలు చెంప వాచి తిరిగొచ్చాడు. ఎక్స్‌రేలో ఒక మర వదులై కనిపించింది. విరిగిన చోట సందు మళ్ళీ తెరుచుకుంది.

సర్జన్ గారు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు. ఆయన పనిలో లోపం లేదు. అది ఆయనకీ తెలుసు. మరి తప్పెవరిది?

"ఏమ్మా, మాంసం పెట్టావా?" అన్నారు మంగమ్మతో.

"రసమేనండి, వడగట్టి..."

"బొమికలు కొరికించావు. కొరక్కపోతే ఇంత ఒత్తిడి ఎక్కణ్ణుంచి పడుతుంది? మొగుడి మీద ప్రేమైతే బొమికలు పెట్టకూడదు!"

"నా పిల్లల మీదొట్టండి, ముక్క కూడా పెట్టలేదు."

"ఒట్లు నాకొద్దు. మళ్ళీ ఆపరేషన్."

ఆ మాటలు తలుపు దగ్గరున్న మంగమ్మ అత్తగారు విన్నది. ఇక చూడాలి. "నేను ముందే అన్నా, దానికి నోరు కట్టుకోవటం చేతగాదని. అది తినాలని వండిందండి. వీడికీ పెట్టింది" అని వరండాలో వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. మంగమ్మ ఏడవలేదు. మంచం కోడు పట్టుకుని నిలబడింది.

నాకు ఆమె మాట మీద నమ్మకం ఉంది. కానీ నమ్మకం ఎక్స్‌రే ముందు నిలబడదు. ఇంకో కారణం కావాలి.

మధ్యాహ్నం వార్డులో వాన జల్లు కిటికీలోంచి పడుతోంది. ఏడుకొండలు లేచి, మంచాన్ని ఒక చివర ఎత్తి పక్కకి జరిపాడు. నేను వద్దని అరిచేలోపే అయిపోయింది. అప్పుడు చూశాను. మంచం లేచిన క్షణంలో చెవి ముందు, దవడ మూల మీద కోడిగుడ్డంత కండ లేచింది. కణతలు రెండూ కదిలాయి.

"ఇంటి దగ్గర బరువులెత్తావా?" అన్నాను.

అతను మంగమ్మ వైపు చూశాడు. ఈసారి ఆమె అబద్ధం కలపలేదు. "బియ్యం బస్తా ఎత్తి చూసుకుంటన్నాడమ్మా రోజూ. మీరు వద్దన్నారని చెప్పినా వింటేనా! మేస్త్రీ దగ్గరికి పోయేలోపు బలం రావాలంట."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బరువెత్తినప్పుడల్లా పళ్ళు బిగించిన మనిషి. బొమిక కొరికినా అంత ఒత్తిడి పడదేమో. ఇంటికెళ్ళి గ్యాసు బండ జరుపుతూ నా చెంప మీద వేళ్ళు పెట్టుకుని చూశాను. నాకే రాయిలా తగిలింది. ఇక అతనికెంత?

మర్నాడు సర్జన్ గారికి చెప్పాను.  ఆయన గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, బరువైన టేకు కుర్చీని ఒక చేత్తో ఎత్తి, రెండో చెయ్యి తన చెంప మీద పెట్టుకున్నారు. ఇంకోసారి ఎత్తారు.

"ఊఁ" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన రోగులందరికీ చెప్పే మాటల్లో ఒక మాట చేరింది, బరువులెత్తొద్దు, పళ్ళు బిగించొద్దని. అది ఆయనలో గొప్పతనం. మంగమ్మతో మాత్రం ఒక్క మాటా అనలేదు. అది ఆయనలో లోపం. ఇద్దరూ ఒకే మనిషి. పెద్దవాళ్ళ కింద పనిచేసేటప్పుడు రెండూ గుర్తుంచుకోవాలి.

మంగమ్మకి నేనే చెప్పాను, తప్పు నీది కాదని.

"నాకు తెలుసు కదమ్మా. మా అత్తకి చెప్పండి. ఈపాటికి దర్శి దాకా పాకింది" అంది. చెప్పాను. అత్తగారు విని, "అయితే వీడే కొరికుంటాడు" అంది.

చిల్లి కుండ

రెండో ఆపరేషనయింది, మళ్ళీ తీగలు, మళ్ళీ ఉలవకట్టు. పత్తి దిగడం మొదలైంది. అంకారావు వేరే మనిషిని పెట్టుకున్నాడు. అయితే సంక్రాంతి వెళ్ళేదాకా తాత్కాలికమేనని కబురు పంపాడు. ఆ గడువులో ఏడుకొండలు రావాలి, లేదా ఆ చోటు పోవాలి.

ఎముక బాగా అతికిందని సర్జన్ గారు తేల్చాక మెల్లగా బరువులు మొదలుపెట్టించాం. నోరు కాస్త తెరిచి, ఊపిరి వదులుతూ ఎత్తమన్నాను. అతని వల్ల కాలేదు.

"నోరు తెరిస్తే బలం పోతందండి. చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టుంటది" అన్నాడు. రెండుసార్లు కట్టిన నోరు కదా, మాట ఇంకా సాగుతూ వచ్చేది.

ఊపిరి లెక్క నేర్పాను, నాలుక పై పళ్ళకి ఆనించమన్నాను. ఏదో ఒక క్షణంలో మరిచిపోయేవాడు. పళ్ళు టక్కున కలిసేవి. ఒకసారి చూపించడానికి వచ్చినప్పుడు మాత్రం ఇసుక బస్తాని నోరు బిగించకుండా లేపాడు. మంగమ్మ నవ్వు ఆపుకుంటోంది.

"ఏం చేశారు?"

"ఎత్తేటప్పుడు మాట్లాడిస్తన్నానమ్మా. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడాలి అంటాడు. మా అమ్మని తిట్టమన్నా. బస్తా దూదిలాగా లేచింది!"

"దాని అమ్మ కూడా అట్టాంటిదేనండి" అన్నాడు ఏడుకొండలు.

నేనూ నవ్వాను. తర్వాత అడిగాను, "మిల్లులో బేలు ఎత్తేటప్పుడు మాట్లాడేదెవరు?"

ఇద్దరి నవ్వూ ఆగింది. ముఠాలో పాట చెప్పేవాడు ఒక్కడే ఉంటాడు. అతను గొంతెత్తి ఒక పలుకు అందుకుంటాడు, చివరి అక్షరాన్ని బేలు లారీలో పడేదాకా సాగదీస్తాడు. మిగతా ముగ్గురూ ఆ పలుకు మీద దృష్టి పెట్టి, ఊపిరి బిగబట్టి ఎత్తుతారు. పాట చెప్పేవాడి నోరు ఎత్తే క్షణంలో తెరిచే ఉంటుంది. ఆ పాట మేస్త్రీది.

"ఆయన్ని అడుగు" అన్నాను.

"ఆ మాట నేనడగనమ్మా" అన్నాడు ఏడుకొండలు. "పాటడిగితే మేస్త్రీతనం అడిగినట్టే. చచ్చినా అడగను."

సర్జన్ గారిని అడిగాను. "అది మన పని కాదు" అన్నారు. ఉద్యోగం లెక్కన ఆయన మాటే సరైనది. అయినా ఏడుకొండలు మిల్లుకి వెళ్ళేరోజున నేనూ సెలవు పెట్టి వెళ్ళాను.

పాట ఎవరిది

మిల్లు ఆవరణలో దూది పొట్టు గాల్లో తేలుతోంది. లారీ వాలు చెక్క వేసుకుని సిద్ధంగా ఉంది. అంకారావుని పక్కకి పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. బరువు ఎత్తగలడని, పళ్ళు బిగిస్తే మాత్రం దవడ మళ్ళీ విరగొచ్చని, మాట్లాడుతూ ఎత్తితే బిగించలేడని. చెవి ముందు ఎక్కడ చూస్తే తెలుస్తుందో నా చెంప మీద చూపించాను.

అతను తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "మా పాట సంగతి ఆసుపత్రోళ్ళకెందుకండీ?" అని వెళ్ళిపోయాడు.

నలుగురూ నిలబడ్డారు. అంకారావు, ఏడుకొండలు ముందు, ఇంకో ఇద్దరు వెనక. బేలుకి కొక్కేలు వేశారు. అంకారావు గొంతెత్తాడు.

"పట్టరా పట్టు... ఎత్తరా ఎ..."

బేలు కదిలింది. నేనున్న చోటికి ఏడుకొండలు చెంప కనిపిస్తోంది. కండ లేచింది. మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకారావు తల తిప్పి పక్కనున్న ఆ చెంప వైపు చూశాడు. అక్షరం మధ్యలో ఆపేశాడు.

"దించండ్రా" అన్నాడు.

బేలు నేలకి దిగింది.  ఏడుకొండలు కొక్కెం వదిలి వెనక్కి జరిగాడు. చోటు పోయిందనే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

"ఎక్కడికిరా? నిలబడు" అన్నాడు అంకారావు. "నువ్వు చెప్పు."

"నేనా మామా?"

"కాదు, మీ అత్త. చెప్పరా!"

ఏడుకొండలు కొక్కెం వేశాడు. మొదటి పలుకు సగం గాలిగానే వచ్చింది. వెనకవాడు ఫక్కున నవ్వాడు. "నవ్వితే తంతా" అన్నాడు అంకారావు. ఏడుకొండలు మళ్ళీ అందుకున్నాడు. సాగిన మాట, తాళం లేని గొంతు. చివరి అక్షరం మీద నోరు గుండ్రంగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బేలు లేచింది, చెక్కెక్కింది, లారీలో పడింది. చెంప చదునుగా ఉంది.

ఆఫీసు గదిలోంచి గుమాస్తా బయటికొచ్చాడు. "ఏం మేస్త్రీ, ఇవాళ పాట మారిందే? ఎవరిదీ?"

"మా కొండలుదండి" అన్నాడు అంకారావు, చేతులు దులుపుకుంటూ. "నాకు గొంతు పోయింది. ఇకనుంచి వాడే చెప్తాడు."

గుమాస్తా తలూపి లోపలికెళ్ళాడు. నేను మంగమ్మకి చెప్పి గేటు వైపు నడిచాను. ఆలోగా లారీ డ్రైవరు బండిని కాస్త ముందుకి జరిపినట్టున్నాడు. "ఒరేయ్, ఎవడ్రా కదిపిందీ! చెక్క పడద్ది, ఆపరా!" అని అంకారావు వేసిన కేక మిల్లు గోడ దాటి, రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ నా దాకా వినిపించింది.